రెండు మైక్రాన్లు

పదకొండూ నలభైకి మాకు టీ.
పుట్టలింగమ్మ క్యాను మూత తిప్పుతూ తిప్పుతూ
ఆగిపోయింది. తల పైకెత్తింది.
బెంగుళూరు గాలి బాగుంటుందంటారు, ఆకాశం బాగుంటుందంటారు,
పీణ్యలో మాత్రం ఎవరూ పైకి చూడరు.
చూస్తే క్రేను కొక్కెం, లేదా కరెంటు తీగ.

పట్టపగలు, ఎండ నెత్తిన ఉండగానే,
దాసరహళ్ళి వైపు నుంచి మా రేకుల మీదుగా
ఒక రవ్వ పోయింది.
రవ్వ అనే అంటాను. నాకు తెలిసిన మాట అదే.
ఇరవై రెండేళ్ళుగా గ్రైండింగు రాయి ముందు నిలబడ్డవాణ్ణి.
ఇనుము రవ్వ పసుపు, చివర చీలుతుంది.
ఇత్తడి అసలు రవ్వే ఇయ్యదు, పిసినారిది.
టైటానియం ఒక్కటే
కళ్ళు పొడిచేంత తెల్లగా లేస్తుంది.

ఇది తెల్లగా ఉంది.

నాలుగు సెకన్లు. మధ్యలో రెండుగా విరిగి
చిన్నది వెనకబడి, పెద్దది ముందుకు పోయి,
వాటర్ ట్యాంకు వెనక ఆరిపోయింది.
పొగ గీత ఒకటి కాసేపు వంకర్లు పోయింది.
చాలాసేపటికి దబ్బుమని ఒక చప్పుడు:
ఆకాశానిదో,
పక్క షెడ్డు పవర్ ప్రెస్సుదో,
మా వీధిలో ఎవరు చెప్పగలరు?

"ఉల్క" అన్నాడు కాసిం.
"కాదప్పా, రాకెట్టు చెత్త" అన్నాడు సూపర్‌వైజరు,
ఫోనులోంచి తల ఎత్తకుండా.
పుట్టలింగమ్మ మాత్రం
ఎవరి నెత్తిన పడిందో పాపం, అని
కప్పుల లెక్క తప్పి నాకు రెండు ఇచ్చింది.

చెత్త అన్న మాట దగ్గర నా టీ చల్లారింది.

ఆరేళ్ళ కిందట, వానాకాలం, రాత్రి షిఫ్టు.
నలభై ఎనిమిది బ్రాకెట్లు, టైటానియం, అరచేయంత.
దేనికో చెప్పలేదు. డ్రాయింగు మీద కంపెనీ పేరు
నల్ల ఇంకుతో కొట్టేసి ఉంది.
గేటు దగ్గర సెక్యూరిటీవాడు
వేలు పైకి చూపించి నవ్వాడు, అంతే.
నలభై ఒకటో ముక్క. టూలు అరిగింది, నాకు నిద్ర.
రంధ్రం రెండు మైక్రాన్లు తక్కువ వచ్చింది.
వెంట్రుకను ముప్పై అయిదు చీలికలు చేస్తే
అందులో ఒక చీలిక.
చల్లారనిచ్చి కొలిచాను. మళ్ళీ కొలిచాను.
రెండే.
ఇన్‌స్పెక్షన్‌లో సులోచన గేజు పెట్టింది,
ఆగింది, బొటనవేలితో ఒత్తింది, పోయింది.
నా మొహం చూసింది. "పోయింది కదా" అంది.
సంతకం పెట్టింది.
తెల్లారితే డెలివరీ.

అది పైకి వెళ్ళిందా, ఏ గోదాములోనో దుమ్ము పట్టిందా,
మాలాంటివాళ్ళకి ఎవరూ ఉత్తరం రాయరు.
కానీ ఆరేళ్ళుగా, రాత్రి మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళి
కదిలే చుక్క కనబడితే నిలబడిపోతాను,
నా తప్పు ఒకటి
గంటన్నరకోసారి భూమి చుట్టి వస్తోందేమోనని.

కాసిం ఫోనులో చదివి చెప్పాడు:
అల్యూమినియం పైనే కరిగి ఆవిరైపోతుందంట,
టైటానియమే మొండిగా నేల దాకా వస్తుందంట.
మా మడకశిర పక్క ఏ వేరుశనగ చేనులోనో పడితే
రైతు కట్టెతో పొడిచి చూస్తాడు. వేడి.
సాయంత్రానికి చల్లారుతుంది.
పాత సామాన్ల బండివాడు తూకం వేసి
ఇంత తేలికేమిటని రేటు తగ్గిస్తాడు.
ఆ బండి ఎటు తిరిగినా చివరికి పీణ్యకే.

సులోచన ఇప్పుడు హోసూరులో ఉంది.
నాలుగేళ్ళుగా పండగకి కూడా మాట్లాడుకోలేదు.
రెండో కప్పు చేతిలో ఉండగానే కలిపాను.
వెనక ఏదో మిల్లింగు మిషను కీచుమంటోంది.
"బాగుండావా?" అన్నాను.
బాగుండానని అనలేదు, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అనీ అనలేదు.
"చూస్తివా?" అంది.
ఊఁ అన్నాను.
అక్కడ మిషను ఆగింది.
"నలభై ఒకటోదేనంటావా?"